నీళ్లు ఎక్కువ తాగే కుక్క

నేను చిత్తూరుకు కాపురానికి వచ్చిన ఏడాదే మా అత్త పెంచుకున్న కుక్క చిక్కిపోవడం మొదలుపెట్టింది. అంతవరకు దానికి తిండి పెట్టింది ఆమే. మోకాళ్ల నొప్పులతో ఆ పని నాకు అప్పగించింది. మా పుట్టింట్లో నీసు ముట్టరు. అనుమానం నా మీదికి రావడానికి అది చాలు.

“కడుపుకు పెడతాండావా, పారబోస్తాండావా?” అని ఒకరోజు అడిగింది. గిన్నె చూపించాను. సంగటి పెట్టింది పెట్టినట్టే ఉంది.

“నువ్వు పెడితే తినదులే” అంది. అప్పటినుంచి నేను గిన్నె పెట్టినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి చూసేది.

నా అనుమానం వేరు. కుక్క తొట్టెడు నీళ్లు తాగేది. ఎన్నడూ లేనిది వరండాలోనే ఉచ్చ పోసేది. నోరు దగ్గరికి తెస్తే ఘాటు వాసన. వరండా పాడవుతోందని అత్త నీళ్లగిన్నె దాచేసేది. ఆమె చూడకుండా నేను మళ్లీ పెట్టేదాన్ని.

వాంతులు మొదలయ్యాక మా ఆయన తిరుపతిలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. నన్ను నమ్మక అత్త కూడా వచ్చింది. రక్తం, మూత్రం పరీక్ష చేసి డాక్టరమ్మ చెప్పింది: “కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎప్పటినుంచో మెల్లగా ముదిరిన జబ్బు. పూర్తిగా నయం కాదు. కనిపెట్టుకుని ఉంటే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. నీళ్లు మాత్రం ఆపొద్దు. మాంసం, ఎముకలు మానేసి నేను రాసిచ్చే తిండే పెట్టండి.” చర్మం కింద సెలైన్ ఎక్కించడం కూడా చూపించింది.

కారులో అత్త కొడుకుతో అంది: “మాంసం వద్దంట. నీ పెండ్లాం ముందే చెప్పిపెట్టినట్టుండాది.”

ఆ ఆదివారం నేను స్నానానికి వెళ్లినప్పుడు ఆమె కుక్కకు మటన్ ఎముకలు వేసింది. సాయంత్రానికి అది వాంతులు చేసుకుని లేవలేక పడిపోయింది. అత్త దాని పక్కన కూలబడింది.

“నేనే ఎముకలు పెట్టినా” అంది మెల్లగా.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పినంత సెలైన్ ఎక్కించాను. అత్త కుక్క తల కదలకుండా పట్టుకుంది.

“ఇది యాడ నేర్సినావు?”

“డాక్టరమ్మ చూపించింది గదత్తా. నువ్వూ ఆడే ఉంటివి.”

“నేను నిన్నే సూస్తా ఉంటి” అంది.

కుక్క తేరుకుంది. మామిడికాయల కాలం దాటి చలికాలం దాకా బతికింది. నోటి వాసన పెరిగినా, తిండి వదిలేసినా అత్తే ముందు పసిగట్టి నన్ను పిలిచేది. తిండి మాత్రం తన చేత్తోనే కొలిచి ఇచ్చేది. చివరికి అది నీళ్లు కూడా మానేసింది. పోయిన రోజు ఇద్దరం కలిసి పెరట్లో పాతిపెట్టాం.