తలకిందుల మొగ్గ

డెల్ఫియా హాడిక్స్‌కు కాలు ఒకచోట నిలవదు. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో గాజు ఫ్యాక్టరీ మూతపడి నలభై ఏళ్లయింది. ఆవిడ తిరుగుడు మాత్రం ఆగలేదు. మంగళవారం వచ్చిందంటే, చర్చివాళ్లు పాత సామాన్ల దుకాణం తలుపు తీయకముందే గుమ్మంలో ఉంటుంది. సన్నటి కాడ ఉన్న గాజు గ్లాసు కనిపిస్తే వేలితో మీటి మోత వింటుంది, మెడకున్న నల్ల రుమాలు వెనక పెట్టి చూస్తుంది, ఆసిడ్‌తో గాజు మీద చెక్కిన పూలను గోటితో తడుముతుంది. ఏ కాలం సరుకో ఇట్టే చెప్పేస్తుంది. అడగకపోయినా చెబుతుంది, అదే ఆవిడతో చిక్కు.

ఇంత తిరుగుడూ ఒక్కదాని కోసమే: తల్లి ఓర్ఫా చేతి పని. ఓర్ఫా ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు గ్లాసుల మీద పూలు దించింది. ఇంటికి ఒక్కటీ తెచ్చుకోలేదు. పనివాళ్ల పేర్లు గాజు మీద ఉండవు కదా, పోల్చుకోవడం ఎలా?

ఆ మంగళవారం లిల్లీ తీగ ఉన్న గ్లాసు దొరికింది. తిప్పి చూసి మూతి విరిచింది.

"ఒక మొగ్గ తలకిందులుగా ఉంది. పనికిరాని సరుకు," అని అందరికీ వినపడేలా అని, మళ్లీ అరలో పెట్టేసింది.

బట్టల దగ్గర కుర్చీలో కూర్చున్న విల్డా కిసుక్కున నవ్వింది. తొంభై దాటిన మనిషి, ఒకప్పుడు ఓర్ఫా పక్క బల్ల దగ్గర పనిచేసింది.

"పనికిరానిదా? ఓసి పిచ్చిదానా! అది మీ అమ్మదే."

"ఏంటి పిన్నీ నువ్వనేది?"

"కాగితం మీద అచ్చు తీసిన తీగని గ్లాసు చుట్టూ అంటించేవాళ్లమా, కొసలు కలిసేచోట సందు మిగిలేది. అక్కడ మొగ్గని చేత్తో దిద్దాలి. మీ అమ్మ కావాలనే దాన్ని తలకిందులు చేసేది. 'పేరు రాయనివ్వరుగా, ఇదే నా సంతకం' అనేది. మేస్త్రీ కంటికి ఒక్కనాడూ ఆనలేదు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు ఇంకొకరిని మాట్లాడనిచ్చావే?"

డెల్ఫియా అలాంటి మొగ్గలు ఎన్ని చూసింది, ఎన్నిటిని తన చేత్తోనే వెనక్కి నెట్టింది! అర దగ్గరికి పరుగెత్తింది. గ్లాసు లేదు. గల్లా దగ్గర ఎర్ర కోటు వేసుకున్న ఒకామె చేతిలో ఉంది.

"అమ్మా, అది నాకిచ్చెయ్యవా?"

"పనికిరాదని మీరేగా అన్నారు? పళ్లు తోముకునే బ్రష్షులు పెట్టుకుందామని తీసుకున్నా. ఇంతలోనే బంగారమైపోయిందా?"

డెల్ఫియా వేలితో మొగ్గను చూపించింది.

"ఇది మా అమ్మ సంతకం. నాకు ఇప్పుడే తెలిసింది."

ఎర్ర కోటామె ఆ మొగ్గను బొటనవేలితో ఒకసారి నిమిరింది. గ్లాసును డెల్ఫియా చేతిలో పెట్టింది.

డెల్ఫియా దాన్ని రుమాలులో చుట్టుకుని బావురుమంది. విల్డా పక్క కుర్చీ చూపించింది.

"కాసేపు కూర్చోవే."

"కూర్చోలేను పిన్నీ. వంతెన అవతలి దుకాణంలో పోయినవారం ఇలాంటివి ఆరు చూశాను. ఆరూ పనికిరావని అక్కడందరికీ చెప్పొచ్చాను."