గాటు పడని కత్తి

"కత్తిని బస్సు ఎక్కనిచ్చారా అమ్మమ్మా" అని ఫోన్లో అడిగావు కదా చిన్నీ, ఎక్కనివ్వరట. అందుకే మా తెలుగు చర్చిలో పాటలు పాడే సునీత కారులో తీసుకెళ్లింది. శనివారం పొద్దున ఏడింటికి మా ఊరు నోవైలో బయల్దేరాం. రోడ్డు పక్కన ఇంకా మంచు మిగిలే ఉంది.

కత్తిని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టాను. వైకింగులని, వెయ్యేళ్ల కిందటి సముద్ర యోధులు, వాళ్ల కత్తికి నకలు అది. అంచు మొద్దు, వంకాయ కూడా తెగదు. పాతకాలపు యుద్ధాలు ఆడే జట్టులో చేరినప్పుడు మీ తాతయ్య కొనుక్కున్నారు. ఆరేళ్లు ప్రతి శనివారం వెళ్లారు. "ఇవాళ ముగ్గుర్ని పడగొట్టా" అంటూ వచ్చేవారు. నేను భుజానికి బామ్ రాసేదాన్ని. ఆయన పోయాక, ఆ జట్టులో ఎవరో ఒకరు ఈ కత్తితో ఆడితే చాలనిపించింది.

"పోలీసు ఆపితే ఏమంటారాంటీ?" అంది సునీత.

"ములక్కాడలు కోసుకోడానికి అంటాలే."

తొమ్మిదింటికి దారిలో ఆగి పులిహోర తిన్నాం. పదీ పావుకి ఆ జట్టు ఆడే మైదానం చేరాం. టికెట్ మనిషికి పది డాలర్లు. మీరంతా ఎప్పుడైనా వెళ్తే బూట్లు వేసుకోండి, అంతా బురద.

ఎవరు ఆటకి దిగినా, ముందు కత్తిని ఒక తెల్లగడ్డం ఆయనకి చూపించాలి. ఆయన మన కత్తి అంచు మీద బొటనవేలు నడిపాడు, రెండు వైపులా. కత్తికి కత్తి తగిలితే గాట్లు పడతాయట, ఆట అయ్యాక ఆకురాయితో అరగదీయాలట.

"దీనికి ఒక్క గాటూ లేదు మేడమ్. అరగదీసిన గుర్తూ లేదు. ఇది ఎప్పుడూ ఆడలేదు."

ఫోన్లో తాతయ్య ఫోటో చూపించాను.

"ఓ, ఆనంద్! చాలా మంచివాడు. కత్తి పట్టుకుని, ఆట చుట్టూ కట్టిన ఆ తాడు దగ్గర నిలబడేవాడు. వయసు ఎక్కువ కదా, జతకి ఎవరూ పిలవలేదు."

"ఆరేళ్లా?" అన్నాను.

"ఆయనకి దెబ్బ తగిలితే మా మీదకొస్తుంది కదా. కత్తి ఇచ్చి వెళ్లండి, కొత్తదానిలా ఉంది, ఎవరికైనా పనికొస్తుంది."

"నో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పన్నెండున్నరకి తిరుగు ప్రయాణం. "వాళ్ల పాపాన వాళ్లు పోతారు, వదిలేయండాంటీ" అని సునీత రెండుసార్లు అంది. మిగిలిన పులిహోర ఇద్దరమూ ముట్టలేదు. ఆట చూడాలనుంటే వెళ్లండి, డాలు మీద కత్తి పడితే గుండె అదురుతుంది. తాడు దగ్గర నిలబడ్డవాళ్లని కూడా ఒకసారి చూడండి.

మూడున్నరకి ఇల్లు చేరి కత్తిని మళ్లీ గరాజ్‌లోనే పెట్టాను. బామ్ సీసా ఆ పక్కనే ఉంది. శనివారం సాయంత్రాలు "అబ్బా, అక్కడే, మెల్లిగా" అనేవారు చిన్నీ. ఎవరి దెబ్బా తగలని ఆ భుజానికి ఆరేళ్లు నేను రాసింది ఏ నొప్పికి?