మిషన్ ఆగిన ఊరు

చర్ల అవతల అడవిలో ఒక సెల్ టవర్‌కు కొత్త బ్యాటరీలు పెట్టారు. కరెంటు లేకుండా అవి ఎంతసేపు లాగుతాయో చూసి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. ఉదయం అయిదున్నరకు ఖమ్మంలో బస్సెక్కాను. కొత్తగూడెంలో ఇడ్లీ తిని, భద్రాచలంలో బస్సు మారి, చర్లలో దిగేసరికి పదిన్నర.

దారిలో పక్క సీటు ముసలమ్మ ఎక్కడికని అడిగితే చెప్పాను. "ఆ మిషన్ ఊరికా? మిషన్ ఆగితే ఆ ఊర్ల మనుషులుండరు కొడుకా" అంది. దయ్యాల కథ కాబోలని నవ్వుకున్నాను.

చర్ల నుంచి టవర్ కాపలాదారు ముత్తయ్య బండి మీద పన్నెండు కిలోమీటర్ల మట్టిదారి. గాలివానకు చెట్టు పడి మూడు రోజులుగా కరెంటు లేదు, టవర్ జనరేటర్ మీదే నడుస్తోంది. ఊరు కనిపించకముందే దాని మోత వినిపించింది. ఊరివాళ్లు మిషన్ అనేది దీన్నే. టవర్ గదిలో ఊరివాళ్ల ఫోన్లన్నీ చార్జింగుకు పెట్టి ఉన్నాయి. ముత్తయ్య డీజిల్ కోసం వెనక్కి వెళ్తూ, "నేనొచ్చినంకనే ఆపున్రి సార్, ఊర్ల చెప్పి ఆపాలె" అన్నాడు. సాయంత్రం బస్సు తప్పిపోతుందని నా తొందర నాది. పదకొండు ముప్పావుకు జనరేటర్ ఆపేశాను.

టవర్ భారాన్ని బ్యాటరీలు వెంటనే అందుకున్నాయి. అరగంట మీటరు చూస్తూ కూర్చున్నాను. బయట కుక్క కూడా మొరగలేదు. అప్పుడు ఒక ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. విసుగొచ్చి, ఎవరిదో వాళ్లకిచ్చేద్దామని దాన్ని తీసుకుని ఊళ్లోకి నడిచాను.

ఊళ్లో ఎవరూ లేరు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యి మీద జావ మాడి పొగ వస్తోంది. పిలిస్తే పలికేవాళ్లు లేరు, చేతిలో ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. ఎత్తాను.

"రాములూ, నేను ఆశా అక్కను. పొద్దున నువ్వు నొప్పులన్నవ్ గద, అంబులెన్సు బయల్దేరింది. సోమమ్మకు రక్తం తక్కువున్నది, అస్సలు కదిలించకున్రి."

చివరి ఇంట్లో నడవలేని ముసలాయన ఒక్కడే ఉన్నాడు. "మిషన్ ఆగితే ఫోన్ పోతది గద. పోయినేడు గట్లనే ఆగితే అంబులెన్సు వస్తదని చూసుకుంట కూసున్నం, తల్లీబిడ్డా పోయిన్రు. ఇప్పుడు ఆగంగనే నొప్పులొచ్చినోళ్లను ఊరంత కలిసి దవాఖానకు మోస్తం" అని వాగు దారి చూపించాడు.

పాత బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి, అందుకే వాళ్ల లెక్క అది. కొత్తవి వచ్చాయని వాళ్లకెవరూ చెప్పలేదు. పరుగెత్తాను. దారి పొడుగునా రక్తం చుక్కలు.

వాగు దగ్గర అందుకున్నాను. నలుగురు సోమమ్మ మంచం మోస్తున్నారు, వెనక ఊరంతా నడుస్తోంది. ఫోన్ పనిచేస్తోంది, అంబులెన్సు వస్తోందని చెప్పి దాన్ని సోమమ్మ భర్త రాములు చేతిలో పెట్టాక మంచం దించారు. ఒకటీ నలభైకి అంబులెన్సు వచ్చింది, నేనూ ఎక్కాను. భద్రాచలం దవాఖానాలో సోమమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. కదిలించకపోతే దక్కేదా అని డాక్టరమ్మను అడిగాను. చెప్పలేమంది. మిషన్ ఆపింది నేనేనని రాములుతో చెప్పాను. అతను తలూపి సోమమ్మ దగ్గరికి వెళ్లాడు.

ఆరు గంటల బస్సు పాల్వంచ దాటుతుండగా ముత్తయ్య ఫోన్ చేశాడు.

"ఊరోళ్లు అడుగుతున్నరు సార్. ఇగ మిషన్ ఆగితే నడవాల్నా, ఉండాల్నా?"

"ఆగినా, కంపెనీ లెక్కన నాలుగు గంటలు ఫోన్ పనిచేస్తుంది. ఉండమను."

"ఆ నాలుగు గంటలు ఒడిసినయని మాకెట్ల ఎరుక సార్? బ్యాటరీ చప్పుడు చెయ్యదు గద."

అతను ఫోన్ పెట్టేయలేదు. అవతల జనరేటర్ మోత వింటూ కొత్తగూడెం దాకా అలాగే కూర్చున్నాను.