ఐదో మెట్టు

మిథున్ పోయిన తర్వాత ఆ ఇంట్లో గిన్నెలు మోగడం మానేశాయి.

ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ అతని భార్య పూజకు తెలుసు, తల్లి రామికీ తెలుసు. మానుకోట దగ్గరి తండాలో వాళ్లది రెండు గదుల ఇల్లు. నడిమి గోడకు ఇటువైపు మిథున్ బేస్ గిటారు, దాని స్పీకరు పెట్టె. అటువైపు రామి పొయ్యి, గోడ బల్ల మీద బోర్లించిన స్టీలు గిన్నెలు. అతను వాయిస్తే అవతల గిన్నెలు గలగలలాడేవి. "మెల్లగ రా, గిన్నెలు కింద పడ్తయ్!" అని రామి వాళ్ల లంబాడీ మాటలో కేకేసేది. అతను నవ్వి ఇంకాస్త పెంచేవాడు.

పూజ పుట్టింది కొడకండ్ల వైపు తండాలో. పెళ్లికి ముందు నుంచే జైసింగ్ ఆర్కెస్ట్రాలో పాడేది. వినాయక మండపాలు, పెళ్లి పందిళ్లు, ఎక్కడికి పోయినా ఆమె ముందు మైకు దగ్గర, మిథున్ వెనక చీకట్లో. పాడే మనిషి వెనక్కి తిరిగి చూడదు. అతని వాయింపు ఆమెకు చెవుల కంటే అరికాళ్లకు ఎక్కువ తెలుసు. స్టేజీ చెక్కల్లోంచి అది పైకి పాకేది, ఎవరో కింద నిలబడి మోస్తున్నట్టుండేది.

పోయిన ఏడాది భూపాలపల్లిలో ప్రోగ్రాం చూసుకుని వస్తుంటే అతని బండిని బొగ్గు లారీ గుద్దింది. గిటారు వెనక సామాన్ల ఆటోలో వస్తోంది. దానికి గీత కూడా పడలేదు.

మళ్లీ పాడటానికి వెళ్లిన మొదటిరోజు బేస్ భాగాన్ని జైసింగ్ కీబోర్డు మీద ఎడమచేత్తో కానిచ్చాడు. తప్పేమీ లేదు. స్వరాలన్నీ వాటి వాటి చోట పడ్డాయి. చరణం మధ్యలో పూజ గొంతు ఆగిపోయింది.

"ఏమైందే చెల్లె?" అన్నాడు జైసింగ్.

"కింద ఎవ్వలు లేరన్నా."

అతనికి అర్థం కాలేదు. వారం తిరక్కుండా ఆమె, గిటారు తనే వాయిస్తానంది.

"నీ చెయ్యి చూస్కున్నవా? గా గిటారు నీకంటే పొడుగున్నది. భుజానికేసుకుంటె అదే నిన్ను మోసుకపోతది."

"పోనీ, మోసుకపోనీ."

జైసింగ్ నవ్వబోయి ఆపుకున్నాడు. "టేకుమట్ల ప్రోగ్రాం దాక చూస్త. గప్పటికి రాకపోతె కీబోర్డే. మల్ల నన్ననొద్దు."

ఆమె నేర్చుకుంది. ఫోన్లో పాఠాలు చూసి, పాత ప్రోగ్రాముల వీడియోలు పెట్టుకుని వింటూ. వీడియోల నిండా తనే ఉంది. అతను వెనక ఒక నల్లని ఆకారం, అంతే. గిటారు మెడకు అడ్డంగా పొదిగిన లోహపు మెట్లు మొదట్లో ఎంత ఎడంగా ఉన్నాయంటే చూపుడువేలు ఒకదాని మీద పెడితే చిటికెనవేలు నాలుగోదాన్ని అందుకోలేక వణికేది. అందిన స్వరం కూడా కరకుగా, తీగలాగే పలికేది. వీడియోలో ఉన్న ఆ మెత్తని బరువు అందులో లేదు. గోడ అవతల గిన్నెలు కదల్లేదు. రామి తన మంచం ఆ గోడ నుంచి జరిపి ఎదుటి గోడకు వేసుకుంది.

చివరికి పూజ గిటారు తీసుకుని జనగామ రైలెక్కింది. అక్కడ స్టేషన్ వెనక సందులో అమ్జద్ హార్మోనియాలు, గిటార్లు బాగుచేస్తాడు. మిథున్ తీగలు అతని దగ్గరే మార్పించుకునేవాడు.

"నా చేతికి సరిపోయేటట్టు చెయ్ భాయ్."

అమ్జద్ ఆమె అరచెయ్యి చూశాడు, గిటారు చూశాడు. "గీ మెడ కొసకున్న నట్టు కాడికెల్లి గా కింద తీగలు కట్టిన బ్రిడ్జి దాక తీగ ముప్పై నాలుగు ఇంచులమ్మా. పొడుగు తీగ బిర్రుగుంటది, సప్పుడు కడక్ వస్తది, మెట్లు ఎడం పడ్తయ్. ముప్పై ఇంచులది వేరే ఉంటది. దానికి మెట్లు దగ్గర, తీగ జర లూజు, సప్పుడు గుండ్రంగ."

"దీన్ని గట్ల చేస్తవా?"

"చేస్త. రెండో మెట్టు కాడ గాడి కోసి కొత్త నట్టు పెడ్త, ముందటి రెండు మెట్లు పీకేస్త, లావు తీగలెక్కిస్త. కానీ కోసినంక కోసినట్టే. మల్ల మిథున్ గిటారు అయితదని నన్నడగొద్దు."

పూజ గిటారు మెడ మీద చెయ్యి వేసింది.

"ముందుగాల విను" అంటూ అమ్జద్ రెండో మెట్టు మీద ఒక బిగింపు పట్టీ వేశాడు. తీగలన్నీ అక్కడికి నొక్కుకుపోయాయి. మెడ కొసన తీగలు బిగించే చెవులు తిప్పి వాటిని వదులు చేసి పాత స్వరాలకే తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు.

చెయ్యి అందింది. మొదటిసారి ఏ వేలూ వణకలేదు. కానీ తీగ మోగగానే పూజ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది. లావు తీగ కొంచెం సోలుతోంది, అంచులు చెదురుతున్నాయి. అయినా లోపల ఆ గుండ్రటి బరువు ఉంది. సందులోంచి ఎవరో లోపలికి తొంగిచూసి తప్పుకున్నట్టనిపించింది.

"గిది సగం ఆయన సప్పుడే" అంది. "ఆయన ఏది కొయ్యలేదు గద భాయ్. మరి గీ సప్పుడు ఆయనకు ఎట్ల వచ్చింది?"

అమ్జద్ పట్టీ విప్పి గిటారును గుమ్మం ఎండలోకి తీసుకెళ్లి మెడను కంటికి ఆనించి చూశాడు. "ఇటు రా. ముందటి నాలుగు మెట్లు చూడు, కొత్తయి లెక్కనే ఉన్నయ్. ఐదో దాన్నుంచి చూడు."

ఐదో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టు దాకా, లావు తీగల కింద, లోహంలో చిన్న చిన్న గుంటలు. మెడ వెనక అదే చోట బొటనవేలు ఆనే భాగం పాలిష్ పోయి నున్నగా మెరుస్తోంది.

"ఆయన చెయ్యి ఈడనే ఉండె. ముందటి మెట్లకు అసలు దిగనే లేదు. ఆయన వేళ్లకు ఏమన్న అయ్యిందా?"

పూజ తన ఎడమ చిటికెనవేలు పట్టి చూపించింది. ట్రాక్టర్ ట్రాలీ తలుపు పడి అతని ఎడమ చిటికెనవేలు వంగేది కాదు. గ్లాసు పట్టుకుంటే ఆ వేలు నిటారుగా నిలబడేది. "దొరసాని లెక్క చాయ్ తాగుతవ్" అని తను ఏడిపించేది. కాపురమంతా ఆ వేలు చూసింది. అది తీగ మీద ఏం చేస్తుందో ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

"చెయ్యి సాగకుంటె మనిషి పైకి జరిగిండు" అన్నాడు అమ్జద్. "గదే స్వరం లావు తీగ మీద ఐదో మెట్టు కాడ దొరుకుతది. ఆడ నొక్కితె మోగే తీగ పొట్టిగైతది, సప్పుడు గుండ్రమైతది. మెట్లు దగ్గర దగ్గర. కొయ్యకుండనే పొట్టి చేస్కున్నడు." బల్ల మీది రంపం తీసి గోడ మేకుకు తగిలించాడు.

పూజ ఆ నున్నని చోట బొటనవేలు ఆనించింది. వెచ్చగా ఉంది. ఎండలో పెట్టింది కదా అనుకుంది.

మర్నాడు పొద్దు వాలకముందు రామి పొయ్యి దగ్గర కందులు చెరుగుతోంది. ఇటు గదిలో పూజ స్పీకరు పెట్టె మీట తిప్పి, గిటారు భుజానికేసుకుని మెడను కొంచెం పైకెత్తింది. చెయ్యి మెల్లగా పైకి జరిగి ఐదో మెట్టు దగ్గర ఆగింది. గుంటలో తీగ, తీగ మీద వేలు. మూడు వేళ్లు ఆనాయి. చిటికెనవేలు మాత్రం తనకు తెలియకుండానే పైకి లేచి నిటారుగా నిలబడింది. దించాలనుకుంది, దించలేదు.

వాయించింది.

ముందు అరికాళ్లకు తెలిసింది. తర్వాత గోడకు. అవతల ఒక గిన్నె కదిలింది, దాని పక్కది దానికి తగిలింది, బల్ల మొత్తం గలగలలాడింది. చాట చప్పుడు ఆగింది.

"మెల్లగ రా, గిన్నెలు..."

రామి గొంతు అక్కడే తెగింది. పూజ ఆపితే అత్త లేచి ఇటు వచ్చి, గుమ్మంలో నిలబడి, వాయిస్తున్నది ఎవరో చూస్తుంది. ఆపకపోతే, వాయిస్తున్నది తన చెయ్యో మిథున్ చెయ్యో తనకే తెలియదు. ఆమె కళ్లు మూసుకుని మళ్లీ అదే చోట నొక్కింది.

కాసేపటికి అవతల మంచం ఈడ్చిన చప్పుడైంది, గోడ వైపుకే. తర్వాత గోడకు ఏదో ఆనింది. వీపో, అరచెయ్యో. గిన్నెలు మోగుతూనే ఉన్నాయి.