అక్క ఎడమ చేతి మీది పేరు

పోయిన నెల మా అక్కకు జ్వరం ముదిరితే కదిరిలో ఒక చిన్న ఆసుపత్రిలో చేర్చాం. సెలైను పెట్టడానికి వచ్చిన నర్సు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్ల. నరం వెతకడానికి అక్క ఎడమ చెయ్యి తిప్పి, మోచేతి కింద నీలంగా ఉన్న మూడక్షరాలను కూడబలుక్కుని చదివింది. "మీ ఆయన పేరా అమ్మమ్మా?" అని ముచ్చటగా అడిగింది. మంచం అవతల స్టూలు మీద మా బావ కూర్చుని ఉన్నాడు. కేసు కాగితం మీద భర్త పేరు దగ్గర రాసి ఉన్న ఆయన పేరు వేరు. అక్కకు అరవై దాటాయి, నాకూ తల నెరిసింది, అయినా ఆ పేరు ఎవరైనా పైకి చదివితే నాకు పదహారేళ్లప్పటి దడే పుడుతుంది. బావ మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "కాదు తల్లీ, నేను వేరే. నువ్వు నరం చూడు" అన్నాడు. ఆ పిల్ల తెల్లబోయింది. దానికి అర్థమయ్యేలా చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మాది తనకల్లు పక్క పల్లె. వాన పడితే చెనిక్కాయ వేయడం, పడకపోతే మబ్బుల వైపు చూడటం, అంతే వ్యవసాయం. ఆ రోజుల్లో మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో పచ్చబొట్టు లేని మనిషి కనబడేది కాదు. మా అవ్వకు, అంటే మా నాయనను కన్న తల్లికి, గడ్డం మీద మూడు చుక్కలు, రెండు చేతుల మీద తీగలు, కుడి పిక్క మీద ఒక తేలు ఉండేవి. ఆ తేలును చూస్తే నిజం తేలు తన చుట్టమనుకుని కుట్టకుండా పోతుందని చెప్పేది. ఆమెను రెండుసార్లు తేలు కుట్టింది. అదేమంటే, అవి చూపు ఆనని ముసలి తేళ్లు అనేది. చీర చిరుగుతుంది, బంగారం అమ్ముడుపోతుంది, కాటిదాకా ఒంటి మీద ఉండే సొమ్ము ఇదొక్కటేనని ఆమె నమ్మకం. నేను బడికి పోయే పిల్లను. మా టీచరమ్మల చేతులు తెల్లగా, ఏ గీతా లేకుండా ఉండేవి. కాబట్టి పచ్చబొట్లు మోటువాళ్లవని నా అంతట నేను తేల్చేసుకున్నాను. పొడిచే ఆమె ఊళ్లోకి వచ్చిందంటే గడ్డివామి వెనక్కి పరుగు. అక్క పారిపోయే రకం కాదు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఐదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల, పెద్దవాళ్లు కూర్చోమంటే కూర్చునేది.

అక్క పుట్టినప్పుడే దాన్ని మా మేనత్త కొడుక్కి అనుకున్నారు. అవ్వకు ఇటు కొడుకు కూతురు, అటు కూతురి కొడుకు. ఆ పెళ్లి జరిగితే రెండు ఇళ్లూ తన చేతిలో ఉంటాయని ఆమె ఆశ. అక్కకు పదహారు వచ్చేసరికి మేనత్త కొడుక్కి బెంగుళూరులో ఫ్యాక్టరీ పని దొరికింది. మేనత్త మాట కొంచెం చల్లబడింది. అవ్వ అది కనిపెట్టి, ఆ ఏడు కదిరి తేరుకు మా ఇద్దరినీ వెంటబెట్టుకుని పోయింది. వీధి చివర గొడుగు కింద కూర్చున్న పచ్చబొట్ల ఆమె ముందు అక్కను కూర్చోబెట్టింది. "పేరు పడిందంటే ఇంగ నా బిడ్డ కూడా కాదనలేదు" అంది. పొడిచే ఆమెకు బొమ్మలు వచ్చు, అక్షరాలు రావు. ఎవరైనా రాసిస్తే దాని మీదే పొడుస్తానంది. రాసిచ్చింది నేనే. పన్నెండేళ్లదాన్ని, దస్తూరి బాగుంటుందని బళ్లో పేరున్నదాన్ని. ఆమె ఇచ్చిన పుల్లను మసిలో ముంచి, అక్క చేతి మీద మేనత్త కొడుకు పేరు గుండ్రంగా, గర్వంగా రాశాను. ఆ గీతల వెంబడే సూదుల కట్ట నడిచింది. అక్క నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది, ఏడవలేదు. వాపు తగ్గాక బావి దగ్గర ఎవరూ లేరనుకుని ఆ పేరును వేలితో తడుముకోవడం నేను చూశాను. సంతోషంగానే ఉండింది. ఈ సంగతి దాచకూడదు.

ఏడాది తిరక్కముందే మేనత్త కొడుక్కి బెంగుళూరు పిల్లతో పెళ్లయిపోయింది. మాకు శుభలేఖ కూడా రాలేదు. నాయన తన అక్క గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. రెండు ఇళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అక్కకు వచ్చిన సంబంధాలన్నీ ఆ చేతిదాకా వచ్చి వెనక్కి తిరిగేవి. ఒకామె మా ఇంట్లో మజ్జిగ తాగి, వీధిలోకి పోయి, "మొగోని పేరు పడిండే పిల్ల అంటే సగం పెండ్లయిండేదే కదమ్మా" అంది. అది నాయన చెవిన పడింది. ఆ సాయంత్రం ఆయన అవ్వతో, "నువ్వే రాయిస్తివి, నువ్వే చెరుపు" అన్నాడు. అవ్వ ఎవరినో అడిగి జీడిరసం తెచ్చింది. గుడ్డల మీద గుర్తులు పెట్టడానికి వాడే నల్ల రసం అది, చర్మం మీద పడితే కాల్చేస్తుంది. మూడు రోజుల్లో అక్క చెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా బొబ్బలెక్కి చీము పట్టింది. జ్వరంలో ఏదేదో మాట్లాడింది. కదిరి పెద్దాసుపత్రిలో డాక్టరు ఆ చెయ్యి చూసి మా నాయనను అందరి ముందూ తిట్టాడు. చెయ్యి తీసేయాల్సి వస్తుందేమోనని మేం పదిహేను రోజులు వణికాం. చివరికి పాత చర్మం ఊడి, మెరిసే కొత్త చర్మం వచ్చింది. దాని కింద నుంచి నా దస్తూరి మళ్లీ పైకి తేలింది.

అక్కకు ఇరవై ఏళ్లప్పుడు పుట్టపర్తి వైపు పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. తండ్రి లేడు, తల్లి ఉంది, అబ్బాయి దర్జీ. పెళ్లిచూపులు నడి ఎండాకాలంలో. అక్క జాకెట్టు చేతులకు మా అమ్మ గుడ్డ అతికి మణికట్టుదాకా దించింది. మనుషులు విసనకర్రలు వెతుక్కునే ఆ ఎండలో అక్క నిండు చేతులతో కూర్చుంది. "ఏంటికమ్మా ఇంత చేతులు?" అని అబ్బాయి తల్లి అడిగింది. "ఎసరు పడి కాలింది, మచ్చ ఉండాది" అంది అవ్వ. అబ్బాయి ఏమీ అనకుండా ఆ చేతుల వైపు రెండుసార్లు చూశాడు. సంబంధం ఖాయమైంది. వాళ్లు పోయాక అక్క, "చెప్పేద్దాం నాయనా" అంది. "చెప్పితే ఈ జన్మకు నీకు పెండ్లి లేదు" అన్నాడు నాయన.

పెళ్లికి వారం ముందు అబ్బాయి తల్లి పెళ్లికూతురికి గాజులు వేయించడానికి మా ఇంటికొచ్చింది. గాజుల మలారం భుజాన వేసుకుని కదిరి నుంచి సాయిబు వచ్చాడు. మా మూడు ఊళ్ల ఆడవాళ్ల మణికట్టు కొలతలన్నీ ఆయనకు నోటికి వచ్చు. కుడి చేతికి గాజులు ఎక్కాయి. ఎడమ చెయ్యి చాపమన్నాడు. "ఆ చెయ్యి కాలిండాది, మేము తర్వాత ఏసుకుంటాంలే" అని అవ్వ అడ్డం వచ్చింది. "కాలితే కాలనీ. రెండు చేతులకీ నా కండ్ల ముందర పడల్ల" అంది అబ్బాయి తల్లి. గుడిసెలో ఉక్కపోత. అక్క మా అందరి మొహాలూ ఒకసారి చూసి, తనే ఎడమ చేతి హుక్కులు విప్పి, జాకెట్టు చెయ్యి మోచేతిదాకా లాగింది.

అబ్బాయి తల్లి ముందుకు వంగింది. ఆమె చేతుల నిండా కూడా పచ్చబొట్లే, కానీ చదువు రాదు. "ఇది మచ్చ కాదే. రాసిండారు. ఏమని ఉండాది?" అంది. మా అమ్మకు రాదు, అవ్వకు రాదు. సాయిబు వైపు తిరిగింది. అట్టపెట్టెల మీద తెలుగులో లెక్కలు రాసుకునే మనిషి, గాజులు సర్దుకుంటూ, "నాకు అచ్చరాలు రావు తల్లీ" అన్నాడు. ఆమె కళ్లు నా మీద నిలిచాయి. "నువ్వు టెన్తు పాసైనావంట కదా పాపా, చదువు."

అవ్వ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. ఆ ముసలి కళ్లల్లో అంత భయం అంతకుముందు చూసి ఎరగను. నేను వేలు పెట్టి, మూడక్షరాల మీద ఐదక్షరాల పెళ్లికొడుకు పేరు చదివేశాను. ఆమె మొహం విచ్చుకుంది. "పెండ్లికి ముందే నా కొడుకు పేరు పొడిపించుకున్యావా!" అని అక్క బుగ్గలు పట్టుకుంది. అమ్మ గోడకు ఆనుకుని ఊపిరి వదిలింది. అంతటితో అయిపోయేది. అక్క ఆమె చేతులను మెల్లగా తన బుగ్గల మీది నుంచి తీసి, "కాదత్తా. నా చెల్లెలు అబద్ధం చెప్తాంది. ఇది మా మేనత్త కొడుకు పేరు" అంది.

"ఎవురు పొడిపించింది?"

"మా అవ్వ."

"నీకు ఇష్టం లేకనేనా?"

అక్కడ ఒక చిన్న అబద్ధం ఆడితే సరిపోయేది. అక్క ఆ పేరు వైపు చూసుకుంది. "ఇష్టమే ఉన్యాది. అప్పుడు" అంది.

అబ్బాయి తల్లి లేచింది. "నా కొడుకును అడగల్ల" అని ఒక్క మాట చెప్పి, ఇచ్చిన నీళ్లు తాగకుండా బస్సుకు పోయింది. కుడి చేతికి నిండా గాజులు, ఎడమ చెయ్యి బోసి, అట్లాగే కూర్చుండిపోయింది అక్క. నాయన పొలం నుంచి వచ్చి సంగతి విని చెయ్యి ఎత్తాడు. "నోరు మూసుకోనుంటే ఏం పోయేది నీకి?" అని అరిచాడు. "దినామూ పానం పోయేది నాయనా, ఎప్పుడు చదువుతారోనని" అంది అక్క. ఎత్తిన చెయ్యి దించేసి ఆయన చెప్పులు లేకుండానే బయటకు నడిచాడు. నాతో ఎవరూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మొదటి బస్సుకు పెళ్లికొడుకు ఒక్కడే దిగాడు. తాళి కట్టకముందు పెళ్లికొడుకు ఒంటరిగా అత్తింటికి రావడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. అరుగుల మీద జనం చేరారు. ఆయన మా నాయన ముందు కూర్చుని, "చూపులప్పుడే నాకు తెలిసె మామా. ఆ చేతులకు అతుకు ఏసినారు. దర్జీవాన్ని, కుట్టు నాకు కనబడదా? ఏందో దాస్తాండారు, ఎప్పుడు చెప్తారో చూస్తాము అనుకున్యా" అన్నాడు. గొంతులో కోపం ఉంది. "చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. నేను చేసుకుంటా. మా యమ్మ ఒక మాట చెప్పమన్యాది. కుడి చేతి మీద నా పేరు పొడిపించుకోవల్లంట."

నాయన వెంటనే తల ఊపాడు. అవ్వ దేవుడికి దండం పెట్టింది. వాకిలి వెనక నుంచి అక్క గొంతు వినబడింది. "ఇంగ నా ఒంటి మీద ఎవురి పేరూ వద్దు. ఇష్టముంటే ఇట్లనే చేసుకోమను." నాయన మొహం పాలిపోయింది. పెళ్లికొడుకు లేచి, "మా యమ్మకు నేను చెప్పుకుంటాలే" అని బస్సుకు పోయాడు.

పెళ్లయింది కానీ అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెబితే మళ్లీ అబద్ధమే అవుతుంది. అత్త ఒక ఏడాదిపాటు అక్క చేతి నీళ్లు తాగలేదు. కుండలో తనే ముంచుకునేది. బావ నోరెత్తి ఒక్క మాట అనలేదు, కానీ అక్క జాకెట్లన్నీ తనే కుట్టేవాడు, అన్నింటికీ చేతులు మణికట్టుదాకానే. అక్కా అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను పోయినప్పుడల్లా ఆ చేతులు చూసి, నా రాతను చూసి, అన్నం సయించక తిరిగొచ్చేదాన్ని. రెండో కాన్పు తర్వాత ఒక ఎండాకాలం బిడ్డకు పాలిస్తూ అక్క చెమటతో తడిసి కూర్చునుంటే, అత్తే కొడుకు మిషను దగ్గరికి పోయి, "ఏమప్పా, దానికి ఊపిరాడల్లనా వద్దా? చేతులు కత్తిరించు" అందట. ఆ రోజు బావ వరసగా ఆరు జాకెట్ల చేతులు కత్తిరించాడని, మిషను పొద్దుగూకేదాకా ఆగలేదని అక్క నాకు చెప్పింది. చెబుతూ నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు మేనత్త కొడుకు గుండె ఆగి చనిపోయాడని కబురొచ్చింది. శవాన్ని మేనత్త ఊరికే తెచ్చారు. అప్పటికి అవ్వ లేదు, నాయన లేడు. ఆ గడప తొక్కాలా వద్దా అని నేను తేల్చుకోలేకపోతున్నాను. బావ అక్కను తీసుకుని బస్సు దిగాడు. "ఇంటి మనిషే కదా, చూడకుండా ఎట్ల?" అన్నాడు. ముగ్గురం మేనత్త వాకిట్లోకి పోగానే అక్క కొంగు లాగి ఎడమ చెయ్యి కప్పుకుంది. బెంగుళూరు నుంచి వచ్చిన ఆ భార్య తల ఎత్తి చూసింది. ఆమె లేచి వచ్చి, అక్క కొంగు తనే పక్కకు తీసి, ఆ పేరు చదువుకుంది. "ఆయన చెప్పినారు నాకి" అంది. తర్వాత ఆ చేతిని పట్టుకునే ఏడ్చింది. అక్కా ఏడ్చింది. బావ రెండడుగులు వెనక్కి జరిగి, వాళ్లిద్దరికీ ఎండ తగలకుండా నిలబడ్డాడు.

సూదికి ఆ మూడక్షరాలు పొడవడానికి అర్ధగంట కూడా పట్టలేదు. అవి ఎవరినీ పొడవకుండా ఉండటానికి మాత్రం మా రెండు ఇళ్లలో ఒక తరం గడిచిపోవాల్సి వచ్చింది.