వరండాలోకి వెళ్ళిన కంపెనీ దొరలు

జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాటి వారం తిరిగినా ఈసారి మార్కాపురంలో మా ఇంట్లో క్రిస్మస్‌కు బాలయేసు బొమ్మతో పెట్టిన పశువుల పాక తీయలేదు. కోడలు తీయబోతుంటే నేనే వద్దన్నాను. ఏడాదిగా ఆమె మా మనవరాలిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నది. ఏదో ఒక సంగతి పట్టుకుని నెల రోజులు చరిత్ర, లెక్కలు, సత్యోపదేశమనే మతపాఠం అన్నీ దాని చుట్టూనే తిప్పుతుంది, దాని పేరు యూనిట్ స్టడీ అట. ఇంత కష్టపడుతూ కూడా పిల్ల భవిష్యత్తు చేజేతులా పాడు చేస్తున్నానేమోనని ఆమెకు లోపల ఒకటే గుబులు. మొన్న పాక బొమ్మలు సర్దబోతూ ఆ గుబులంతా నా ముందు వెళ్ళబోసుకుని కళ్ళు తుడుచుకుంది. నాకేమో నవ్వొచ్చింది, నవ్వకూడని చోట నవ్వడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న జబ్బు. పాకను అక్కడే ఉంచి కూర్చోమ్మా, ఒక సంగతి చెబుతాను అన్నాను. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను, మన వయసు వాళ్ళకైతే సగం చెప్పినా చాలు.

మా నాయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. గిద్దలూరు దాటి నల్లమలలోకి ఎక్కే దారిలో ఒక చిన్న స్టేషను, పక్కన నాలుగు క్వార్టర్లు, చుట్టూ అడవి, అంతే మా ప్రపంచం. అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లానే. తర్వాత కూర్చున్న చోటు నుంచి కదలకుండానే ప్రకాశం జిల్లా వాళ్ళమైపోయాము. దగ్గర్లో బడి లేదు. మా అమ్మ గుంటూరు వైపు ఆర్.సి.ఎం., అంటే కాథలిక్కుల పిల్ల, సిస్టర్ల బోర్డింగులో ఉండి ఎనిమిది దాకా చదివి, టీచరు కావాలని ఎంతో ఆశపడి, అంతలోనే పెళ్ళై ఈ అడవికి వచ్చిపడింది. ఆ ఆశంతా నా మీదా, మా తమ్ముడి మీదా తీర్చుకుంది.

వరసగా పుస్తకాలు దొరికే చోటు కాదు గనుక కంటికి ఏది కనిపిస్తే అదే పాఠం. ఒక నెలంతా పలక. నాయన మార్కాపురం నుంచి తెచ్చిన ఆ పలకరాయిని ఎక్కడ తవ్వుతారు, పలకలు లేని రోజుల్లో ఇసుకలో రాసుకున్న వాళ్ళెవరు, రాగిరేకుల మీద రాయించిన రాజులెవరు అని మొదలుపెట్టి, చివరికి మోషే కొండ మీది నుంచి దించిన రాతిపలకల దాకా వచ్చేసరికి ఆ నెల సత్యోపదేశం కూడా ఒడ్డెక్కేది. ఇంకో నెల కంభం చెరువు. నాయన సెలవు పెట్టి మమ్మల్ని బండెక్కించి చూపించుకొచ్చాక, ఆ నెల పొడుగునా విజయనగరం రాజులు, కట్ట కొలతలతో లెక్కలు, ఆదివారం సాయంత్రం కానా ఊరి పెళ్ళిలో యేసు నీళ్ళను ద్రాక్షారసం చేసిన కథ. కంభం చెరువంతా ద్రాక్షారసమైతే ఎట్లా ఉంటుందని అడిగి తమ్ముడు చెవి మెలిపెట్టించుకున్నాడు.

మరి ఇవన్నీ ముందూ వెనకా తెలియాలి కదా. అందుకు అమ్మ గదిలో పొడుగు గోడకు ఒక పురికొస కట్టి, దానికి చిన్న చిన్న కాగితాలు వేలాడదీసింది. సరిగ్గా నడిమధ్యన ట్రంకుపెట్టె మీద పశువుల పాక. బాలయేసు పుట్టిన దగ్గరే కాలం రెండుగా చీలింది గనుక పాకకు ఎడమవైపు క్రీస్తు పూర్వం, కుడివైపు క్రీస్తు శకం. కాబట్టి మా ఇంట్లో మండు వేసవిలో కూడా పాక తీసేవాళ్ళు కాదు. నెలకోసారి పూజ చెప్పడానికి వచ్చే ఫాదరు అది చూసి మొదట కళ్ళు పెద్దవి చేసి, సంగతి తెలిశాక ఆశీర్వదించి పోయాడు. బుద్ధుడు, అశోకుడు ఎడమ వైపు, శాతవాహనులు పాకకు అటూ ఇటూ, కాకతీయులు కుడివైపు. విజయనగరం దగ్గరికి వచ్చేసరికి గోడ అయిపోయి తలుపొచ్చింది. అమ్మ ఊరుకుంటుందా, పురికొసను గడప దాటించి వరండాలోకి లాగింది. అట్లా కంపెనీ దొరలు, రైళ్ళు, స్వరాజ్యం అన్నీ మా వరండాలో జరిగాయి. కూర్చుని ఒప్పజెప్పడమన్నది మాకు తెలియదు, గోడ మీద చెయ్యి ఆనించి నడుస్తూ చెప్పేవాళ్ళం.

గిద్దలూరులో మా మేనత్త ఉండేది. మేమంటే ప్రాణమే గానీ ఆ నడక చదువు ఆమెకు బొత్తిగా నచ్చేది కాదు. నాకు ఆరో తరగతి ఈడు వచ్చి, సిస్టర్ల బడిలో వేసే మాట రాగానే అమ్మను నిలదీసింది.

“ఏందమ్మే, పిల్లను గోడ పట్టుకోని నడిపిస్తాండావు, ఇదేం సదువు? రేపు సిస్టరమ్మోళ్ళు మూడులో కూసోబెడితే ఏంజేస్తావు?”

ఎప్పుడూ ఎదురాడని అమ్మ ఆ రోజు ఎందుకో పంతం పట్టింది. “ఆరులో చేర్చుకోకపోతే ఇద్దరినీ మీ ఇంట్లోనే దించి మీ ఊరి బడికే పంపిస్తాను వదినా, ఇక పాఠమన్న మాట ఎత్తను” అన్నది. అన్నదే గానీ ఆనాటి నుంచి జపమాల ఆమె చేయి దిగలేదు.

సిస్టర్ల బడికి అమ్మా, నేనూ, సాక్షిగా మేనత్తా వెళ్ళాము. పెద్ద సిస్టరు నాచేత చదివించింది, లెక్కలు చేయించింది, ఆ గండాలు గడిచాయి. తర్వాత చరిత్రలో నీకు తెలిసింది మొదటి నుంచి చెప్పు అన్నది. కుర్చీలో కూర్చున్న నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. గోడ లేదు, పాక లేదు. అప్పుడు పక్క గోడకు నడిమధ్యన సిలువ మీది యేసు స్వరూపం కనిపించింది. లేచి వెళ్ళి, ఆ రోజుల్లో ఎవరూ చేయని పని, పెద్ద సిస్టరుకు వీపు తిప్పి, ఎడమ చివర నుంచి మొదలుపెట్టాను. మోషే, బుద్ధుడు, అశోకుడు. స్వరూపం కిందికి రాగానే ఇంట్లో పాక దగ్గర చేసినట్టే సిలువ గుర్తు వేసుకుని కుడివైపు నడిచాను. కాకతీయులు, విజయనగరం, కంభం చెరువు, అంతలో తలుపొచ్చింది. తలుపు తర్వాత కంపెనీ వాళ్ళు. కంపెనీ వాళ్ళు ఉండేది వరండాలో. నేను బయటికి వెళ్ళిపోయాను.

“పాయె, పిల్ల పారిపాయె!” అని లోపల మేనత్త అరిచింది. అమ్మకు కూడా నేను భయపడి పరిగెత్తాననే అనిపించిందట, తాను కట్టిన పురికొస తనకే గుర్తు రాలేదట. ఇంతలో కిటికీలోంచి నా గొంతు వినిపించింది. ఓడలు దిగిన దొరలు, కొండలు తొలిచి వేసిన రైలుమార్గం, స్వరాజ్యం, మా నాయనకు ఉద్యోగం రావడం, నేను పుట్టడం. సిస్టరు బయటికొచ్చి ఇంకా ఉందా అని అడిగింది. “మా వరండా ఇక్కడికి అయిపోయింది సిస్టర్” అన్నాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, ఆరులోనే కూర్చోబెడతాము గానీ తరగతిలో నడవనివ్వము సుమా అన్నది.

మేనత్త ఓడిపోయానని ఒప్పుకోలేదు. దారిలో మాకు మిఠాయి కొనిపెట్టి, ఎటో చూస్తూ “సర్లే, పిల్లోడిగ్గూడా నువ్వే జెప్పుకో” అన్నది. తిరుగు బండిలో అమ్మ కిటికీకి తల ఆనించి ఒక పెద్ద ఊపిరి విడిచింది. బతుకులో ఎన్నో గండాలు గట్టెక్కి నేనూ అట్లాంటి ఊపిరులు విడిచాను గానీ, అంత హాయి నాకు మళ్ళీ ఎక్కడా కనిపించలేదు.

పెద్ద లైను వచ్చి మీటరుగేజి పోయింది, ఆ క్వార్టర్లు కూలిపోయాయి, అమ్మ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏది ఎప్పుడు జరిగిందో ఫోను అడిగితే చెబుతుంది. మంచిదే, కాళ్ళ నొప్పులుండవు. కానీ నన్నెవరైనా అడిగితే ఈనాటికీ నా చెయ్యి ముందు గోడ కోసమే వెదుకుతుంది.

ఇదంతా విన్న కోడలు నిన్న హాల్లో పాకకు అటూ ఇటూ తాడు కట్టింది. మరి నేనెక్కడ వస్తానని మనవరాలిని అడిగాను. అది నా చెయ్యి పట్టుకుని పాక దగ్గర నుంచి నడిపించుకుంటూ పోయి, పలక, బొగ్గు రైలు అని రాసిన కాగితాల పక్కన ఆపింది. వరండా పిల్లనైన నేను గోడ మీది పాతకాలంలోకి వచ్చేశానన్నమాట. మన వయసు వాళ్ళమందరం వచ్చేశాము. “నువ్వు తలుపుకు ఇవతలే నానమ్మా, బాల్కనీ అంతా నాదే” అన్నది. అటు చూస్తే తాడు బాల్కనీ చివరి దాకా ఖాళీగా ఊగుతున్నది.

వెనక నుంచి కోడలు ఒక పెద్ద ఊపిరి విడవడం వినిపించింది. ఆ ఊపిరి నాకు తెలుసు. “పాక తీయనులే అత్తమ్మా” అన్నది.