మమత వాళ్ళ నాయిన రంగు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోలీసులు ఇంటికొచ్చేంత నేరమేమీ కాదు. ఎవరూ నిలదీయలేదు కూడా. నిలదీస్తే ఎప్పుడో దించేసుకునేవాణ్ణేమో. ఇప్పుడు అలసిపోయి మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదొక్కటే ధైర్యం.

అప్పట్లో నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాణ్ణి. ఏలూరు నుంచి వచ్చి పుప్పాలగూడలో స్నేహితులతో ఒక ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. ఉద్యోగం విసుగెత్తింది. సెలవురోజుల్లో ఇంటర్నెట్‌లో పాఠాలు చూస్తూ కలర్ గ్రేడింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. తీసిన వీడియోలో వెలుగునూ రంగులనూ సరిదిద్దే పని అది. కొత్తలో చేతులు ఊరుకునేవి కావు. ఆకాశం కనిపిస్తే నీలం పెంచేవాణ్ణి, చెట్టు కనిపిస్తే పచ్చదనం పెంచేవాణ్ణి. మనిషి కనిపిస్తే తెల్లగా చేసేవాణ్ణి. ఎందుకు చేస్తున్నావని నన్ను నేను అడగలేదు.

మమత మా టీమ్‌లో అమ్మాయి. వనపర్తి వైపు వాళ్ళు. వాళ్ళ నాన్న స్కూలు బస్సు డ్రైవరు. ఆమెకు పెళ్ళి కుదిరితే, వీడియో మన బహుమతి అని టీమ్‌లో అనుకున్నాం. మాతో పనిచేసే నరేశ్‌కు మంచి కెమెరా ఉంది. అతను తీశాడు. తీసినదంతా నా హార్డ్‌డిస్క్‌లో వేసి, రంగులు నువ్వు చూసుకో అన్నాడు.

అప్పగింతల దృశ్యం బాగా వచ్చింది. కూతురి చేతులు పట్టుకుని నిలబడ్డాడు ఆయన. నల్లటి మనిషి. నుదుటి మీద చెమట మెరుస్తోంది, చెంపకు పసుపు అంటింది. నాకు అదంతా చీకటిగా కనిపించింది. ముఖాల రంగును విడిగా ఎంచుకుని తెల్లబడేలా వెలుగు పెంచాను, తండ్రిదీ, కూతురిదీ. పైగా కళ్ళకు శ్రమ తగ్గుతుందని నా లాప్‌టాప్ తెరకు పసుపు వెలుతురు పెట్టుకుని ఉన్నాను. ఆ సంగతే మరిచిపోయి, వీడియోలోనే అన్నీ పసుపుగా ఉన్నాయనుకుని నీలం కలుపుతూ పోయాను. ఆ వెలుతురు తీసేసి పనిచేయాలన్నది పాఠాల్లో మొదటే చెప్పే జాగ్రత్త.

అందరూ మెచ్చుకున్నారు. పెళ్ళికూతురు మెరిసిపోతోందన్నారు. ఆ వీడియో ముక్కనే నా పనితనానికి నమూనాగా ఒక చిన్న స్టూడియోకు పంపితే, సెలవురోజుల్లో సహాయకుడిగా వచ్చి నేర్చుకోమన్నారు. నేను గాలిలో తేలుతున్నాను.

పెళ్ళయిన కొన్ని నెలలకే మమత వాళ్ళ నాన్న గుండెపోటుతో పోయాడు. దినాలన్నీ అయ్యాక ఆమె ఆఫీసుకు వచ్చింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదుట కూర్చుంది.

"అన్నా, పెళ్ళి వీడియో మళ్ళ చూసిన. నాయిన ముఖం బూడిద లెక్కుంది."

"నీ ఫోన్ స్క్రీన్ తేడా అయ్యుంటుంది" అన్నాను.

"కాదన్నా, టీవీల గూడ చూసిన. పాణం పొయ్యి పండవెట్టినప్పుడు గట్లనే ఉండె. బతికున్నప్పుడు గట్ల లేకుండె. నల్లగ నిగనిగలాడుతుండె. నువ్వు రంగులు ఏసేకన్న ముందు తీసింది ఉంటది గద? జర అది ఇయ్యవా? నాయినది కదిలే బొమ్మ మాకు గదొక్కటే ఉన్నది."

"నా దగ్గర లేదమ్మా. పనైపోగానే తీసేస్తాం. నరేశ్ కార్డులో ఉండాలి. వాడూ చెరిపేసి ఉంటాడు."

ఇంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

నరేశ్ కార్డును ఎప్పుడో ఖాళీ చేసుకున్నాడు. అంతా నాకిచ్చాక ఇక దాచుకోవలసిన అవసరమేముంది? మమత అతని దగ్గర ఏడ్చిందని తర్వాత తెలిసింది. మా నాయినను అంత సులువుగ ఎట్ల తీసేసినవని అడిగిందట. అతను నా పేరు చెప్పలేదు. లిఫ్ట్ దగ్గర ఎదురుపడినప్పుడు నా ముఖంలోకి చూసి, తల దించుకుని పక్కకు జరిగాడు. ఆ తర్వాత ఎవరి పెళ్ళికీ అతను కెమెరా తేలేదు.

మమత నన్ను అడిగిన రోజే ఇంటికి వెళ్ళి హార్డ్‌డిస్క్ పెట్టి చూశాను. తెర మీది పసుపు వెలుతురు తీసేసి, ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టాను. నరేశ్ తీసినదాంట్లో ఆయన బతికి ఉన్నాడు. నా చేతిలోంచి వచ్చినదాంట్లో లేడు.

తప్పు చేశానని ఒక్కమాట అని ఇచ్చేస్తే సరిపోయేది. ఎందుకు ఇవ్వలేదు? నాకు పని రాదని స్టూడియోవాళ్ళకు తెలుస్తుందన్న భయమా? కొంత అదే. కానీ ఆ రెండూ పక్కపక్కన చూస్తే మమతకు ఇంకొకటి కూడా తెలిసేది. ఆమె నలుపునూ, ఆమె తండ్రి నలుపునూ నేను దిద్దాల్సిన లోపంగా చూశానని. రోజూ ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషిని అలా చూశానని. అది తెలియనివ్వడం నావల్ల కాలేదు. ఫైళ్ళన్నీ ఎంచుకుని డిలీట్ నొక్కాను. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు ఇదే నా వృత్తి. అప్పుడు చెరిపేసినవి ఉంటే ఒక పూటలో ఆయన్ను ఆయనలా చూపించగలను. ఈమధ్య మమత మెసేజ్ పెట్టింది. కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, నాయిన రంగు తిరిగొస్తుందా, మా పాప తాతను చూస్తానంటోంది అని. ప్రయత్నించాను. పాత వీడియోలో వివరాలన్నీ తెల్లదనంలో కరిగిపోయాయి. పైన నేనొక నల్లటి రంగు పూయగలను, పూశాను కూడా. నమ్మేలా వచ్చింది. పంపితే ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టేది. కానీ ఆ రంగు నా కల్పన. ఆయన అసలు రంగు నాకు గుర్తు లేదు.

పంపలేక మమతకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"నరేశన్నకు చెప్పినవా?" అంది.

లేదన్నాను. ఫోన్ పెట్టేసింది.

నరేశ్ ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. పాత నంబరు పనిచేయడం లేదు. వెతుకుతున్నాను. అతను దొరికేలోగా ఇంకెక్కడైనా చెప్పకపోతే మళ్ళీ నోరు మూసుకుపోతుందని భయం. నా సంగతి నాకు తెలుసు. అందుకే మీ ముందు రాస్తున్నాను. ఆ వీడియోను చెరిపింది నరేశ్ కాదు. నేను.

ఈ మాట రాసి కుర్చీలో వెనక్కి వాలాను. భుజాలు నొప్పెడుతున్నాయి. అయినా ఊపిరి ఆడుతోంది.